జూలు రాలితే ముందు చూడాల్సింది కొట్టాన్ని

నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా హైదరాబాదు రహదారి పక్క ఊళ్లలో ఇవాళ గుర్రం కనబడిందంటే అది పెళ్లి ఊరేగింపుల కోసం పెంచుతున్నదే. జట్కాల కాలం ఎప్పుడో పోయింది. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలే తేలాయి; 2012 లెక్కతో పోలిస్తే 45 శాతం పైగా తగ్గాయి. జగ్గయ్యపేట బౌద్ధస్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి ఫలకంలో రాజు చుట్టూ ఉన్న సప్తరత్నాల్లో గుర్రం ఒకటి. ఆ రత్నం ఇప్పుడు జరీ గుడ్డ కప్పుకుని బ్యాండు మేళం వెనక నడుస్తోంది. వానలు మొదలవగానే జూలు, తోక మొదలు పుండ్లు పడేదాకా రుద్దుకునే గుర్రాలకు ఇక్కడివాళ్లు ఏం చేస్తున్నారో చూడటానికే ఈ కొట్టాలకు వెళ్లాను. చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: గుర్రం మెడ మీద పెడుతున్న ఖర్చులో సగం కొట్టం మీద పెడితే ఈ దురద చాలావరకు తగ్గుతుంది.

కొట్టం గుంజ చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. గుర్రం మెడ ఆనేంత ఎత్తున వేపగుంజ నున్నగా అరిగి ఉంటుంది, పగుళ్లలో తెల్లవెంట్రుకలు ఇరుక్కుని ఉంటాయి. జూలు మొదట్లో వెంట్రుకలు విరిగి బిరుసుగా నిలబడతాయి, తోలు మందమై ముడతలు పడుతుంది, వేలితో రాస్తే పొట్టు రాలుతుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే లద్దె, మూత్రం, కడిగిన నీళ్లు కలిసిన బురద. కంటికి ఆననంత చిన్నదైన క్యూలికాయిడ్స్ దోమ పుట్టేది అలాంటి తడిలోనే. ఈ మెట్ట ప్రాంతపు గొర్రెలకాపరులకు దాని దెబ్బ బాగా తెలుసు, గొర్రెలకు నీలినాలుక వ్యాధిని మోసేది ఈ జాతి దోమే. గుర్రాన్ని కుట్టేటప్పుడు దాని ఉమ్మి ఒంట్లోకి దిగుతుంది. ఆ ఉమ్మి పడని గుర్రానికి ఒళ్లంతా దురదే.

దోమలే కారణమైతే పక్క గుంజకు కట్టిన గుర్రం హాయిగా ఎందుకుంది అన్నది యజమానులు తరచూ వేసే ప్రశ్న. న్యాయమైనదే. దోమ రెండింటినీ కుడుతుంది, పడకపోవడం మాత్రం ఒకదానికే ఉంటుంది. ఐస్‌లాండ్‌లో పుట్టి పెరిగి, ఎదిగాక యూరప్ ప్రధాన భూభాగానికి చేరిన గుర్రాలకు ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. అదే జాతివి ప్రధాన భూభాగంలోనే పుడితే అంతగా రాదు. చిన్నప్పటి నుంచి ఆ దోమకాటు అలవాటు లేకపోవడమే తేడా. కాబట్టి ఒంట్లో వేడి చేసిందని ఉలవలు మాన్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు. తిండి పడకపోతే దురద ఏడాది పొడవునా ఉండాలి గాని వానలతో వచ్చి చలితో పోదు. కొట్టంలో గుర్రాలన్నీ ఒకేసారి గోక్కుంటుంటే మాత్రం అది గజ్జి అని అనుమానించాలి. ఒక్క తోకే రుద్దుకుంటుంటే నులిపురుగుల పని కావచ్చు. గుండ్రటి మచ్చలుగా వెంట్రుకలు ఊడితే తామర; ఒకే జీను గుడ్డ నాలుగు గుర్రాలకు వేస్తే అది ఊరేగింపులతో పాటే తిరుగుతుంది, మనుషులకూ అంటుతుంది. తోలు గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే గజ్జో కాదో తేలుతుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉండగా ఊహ మీద మందులు వాడటం దేనికి?

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే వెంటనే ఉపశమనం కలుగుతుంది కదా అంటారు. కలుగుతుంది, కాదనను. అయితే దోమ అక్కడే ఉంటే దురద మళ్లీ వస్తుంది, మళ్లీ స్టెరాయిడే వేయాల్సి వస్తుంది. పదేపదే వేస్తే గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం నిలబడలేని స్థితికి చేరే ప్రమాదం ఉంది. కానుగ నూనె పాత మందు. పూత ఉన్నంతసేపు దోమను కాస్త ఆపుతుంది, కాని చెమటకీ వానకీ పోతుంది. వేపాకు పొగ బయట పెడితే మంచిదే. మూసిన కొట్టంలో పెడితే గుర్రం ఊపిరితిత్తులకు అదో బాధ. విదేశాల్లో ఒళ్లంతా కప్పే వలగుడ్డలు వాడతారు. 45 డిగ్రీల ఎండ కాసే ఈ ఊళ్లలో పగలంతా అవి వేసి ఉంచమనడం దయలేని సలహా. సాయంత్రం పూట పలచని నూలుగుడ్డ కప్పినా చాలు.

ఈ దోమ ఎక్కువగా కుట్టేది సంధ్యవేళ, తెల్లవారుజామున; ఆ వేళల్లో గుర్రాన్ని లోపల కట్టమంటే, పెళ్లి సాయంత్రం ఉంటే కొట్టంలో దాచడం ఎలాగంటారు. ఊరేగింపు గంటో రెండు గంటలో ఉంటుంది. అసలు నష్టం పని లేని రోజుల్లోనే. ఆషాఢం, భాద్రపదం శూన్యమాసాలు, ముహూర్తాలుండవు. వానలు కురిసే ఆ రోజుల్లోనే గుర్రం సంధ్యవేళంతా బురద పక్కన కట్టుగుంజకు నిలబడి ఉంటుంది. సంపాదన లేని నెలల్లో ఖర్చెక్కడిదన్నది నిజమైన అభ్యంతరం. కాని లద్దెను రోజూ దూరంగా పోయడానికి, నీళ్లు నిలవకుండా కాలువ తీయడానికి పలుగూపారా ఉంటే చాలు. ఈ దోమకు గాలికి ఎదురెగిరే శక్తి లేదు. పొద్దువాలే ముందు గుర్రాన్ని లోపల కట్టి, చీకటి పడేదాకా, మళ్లీ తెల్లవారుజామున, ఒక పాత ఫ్యాను తిప్పితే అది దగ్గరికి రాలేదు.

కొట్టాల్లో నన్ను కలవరపెట్టింది మరొకటి. గేదెల పిడుదులకు కొనే అమిట్రాజ్ మందును దురద గుర్రానికీ నీళ్లలో కలిపి పూయొచ్చనుకోవడం. గేదెకు పనికొచ్చే ఆ మందు గుర్రం పేగుల కదలికను మందగింపజేస్తుంది, లద్దె గట్టిపడి కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. ఆ సీసా మీ గుర్రం కొట్టం గూట్లో ఉంటే ఇవాళే తీసేయండి.