వేళ తప్పిన నిప్పురవ్వ

సూరత్ నగరంలో మరమగ్గాల చప్పుడు ఆగే రోజులు ఏడాదిలో బహు తక్కువ. దీపావళి సెలవులు వాటిలో ముఖ్యమైనవి. అటువంటి ఒక సెలవురోజు ఉదయం, లింబాయత్ వాడలో నివసించే ఒక తెలుగు మేస్త్రీ పనిముట్ల సంచీని మేనల్లుని భుజానికి తగిలించి, 1928 సత్యాగ్రహంతో చరిత్రకెక్కిన బార్డోలీ వైపు బస్సెక్కాడు. ఆయన బయలుదేరినది మగ్గం బాగుచేయడానికి కాదు. నలభై ఏళ్లుగా మూగవోయిన ఒక ట్రాక్టరును పలికించడానికి.

తెలంగాణ జిల్లాల నుండి సూరత్‌కు వలస వచ్చి మరమగ్గాలపై బ్రతుకుతున్న పద్మశాలీ కుటుంబాలెన్నో ఉన్నాయి. మేస్త్రీ కూడా అలా కరీంనగర్ ప్రాంతం నుండి వచ్చినవాడే. పట్టు తప్పిన మగ్గాన్ని దారికి తేవడంలో ఆయన చేయి తిరిగినవాడు. ఆ పేరు విని కబురు పంపినవాడు చెరకు పండించే ఒక గుజరాతీ రైతు.

తోట పక్క రేకుల కొట్టంలో బూడిదరంగు ఫెర్గూసన్ టి.ఇ.20 నిలిచి ఉంది. ఇంగ్లండులోని కొవెంట్రీలో 1946 నుండి 1956 వరకు ఈ రకం ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ బృందం దక్షిణ ధ్రువాన్ని చేరుకున్నది వీటి మీదనే. కాని ఈ ఇంట దానికున్న పేరు ఒకటే: అపశకునపు బండి.

అందుకు కారణం కొట్టం ముందు మంచంపై కూర్చుని ఉన్నాడు. రైతు తండ్రికి ఎనభై దాటాయి. కుడి మణికట్టు వంకర. నలభై ఏళ్ల క్రితం ఆయన హ్యాండిల్ తిప్పుతుండగా ఇంజను వెనక్కు తన్నింది. విరిగిన ఎముక సరిగా అతకలేదు. ముసలాయన అజాగ్రత్త అన్నారు ఊరివారు. బండి దోషం అన్నారు ఇంటివారు. తరువాత డీజిల్ ట్రాక్టరు వచ్చింది. దీనిని మళ్లీ ఎవరూ ముట్టలేదు. ఇప్పుడు రైతు ఇంజను శుభ్రం చేయించాడు, కొత్త బ్యాటరీ పెట్టించాడు. అయినా ఆ హ్యాండిల్ పట్టడానికి ఏ మెకానిక్కూ ముందుకు రాలేదు.

వారి భయం అకారణమైనది కాదు. మోటారు యుగపు తొలినాళ్లలో ఇలా విరిగిన చేతులు అనేకం. మణికట్టు దగ్గరి ఒక రకపు విరుపుకు వైద్యులు ‘షోఫర్ ఫ్రాక్చర్’ అని పేరే పెట్టారు. ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లకు అమరిన పిమ్మటే ఆ బాధ క్రమంగా తగ్గింది.

“మామా, మనం మగ్గాలవాళ్లం. ఇంజను సంగతి మనకేం తెలుసు?” అన్నాడు మేనల్లుడు.

మేస్త్రీ నవ్వాడు. “మగ్గంలో క్రాంకు రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతది. ఇక్కడా క్రాంకు రెండు చుట్లకు డిస్ట్రిబ్యూటరు ఒక్క చుట్టే. అక్కడ పడుగు విడివడి ఉన్నప్పుడే నాడె దూకాలె. వేళ తప్పితే వందల పోగులు తెగుతయి. ఇక్కడ నాడెకు బదులు నిప్పురవ్వ. అంతే తేడా.”

ఇంధనం మండడానికి కొంత వ్యవధి కావాలి. అందుకే ఇంజను వేగంగా తిరిగేటప్పుడు పిస్టను కొసకు చేరక మునుపే రవ్వ పుట్టాలి. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే క్రాంకు, సెకనులో వెయ్యోవంతు కాలంలోనే 9 డిగ్రీలు కదులుతుంది. కాని చేతితో తిప్పే వేగం అందులో లేశమాత్రం. అప్పుడు రవ్వ మరీ ముందుగా పుడితే, మంట పిస్టనును పైకి రానీయక వెనక్కు నెడుతుంది. ఆ దెబ్బ హ్యాండిల్ పట్టిన చేతికి తగులుతుంది.

మేస్త్రీ మొదట పాయింట్ల ఎడం సరిచేశాడు. ఎడం మారితే వేళ కూడా మారుతుంది. ప్లగ్గులు విప్పి, మొదటి సిలిండరు రంధ్రంపై మేనల్లునిచేత బొటనవేలు పెట్టించాడు. పాయింట్ల నడుమ సిగరెట్ కాగితం ఉంచి, హ్యాండిల్‌ను అంగుళం అంగుళంగా తిప్పాడు. గాలి వేలిని నెట్టసాగింది. ఇంజను మీది గుర్తు ఇంకా ఎంతో దూరముండగానే కాగితం జారి వచ్చింది. పాయింట్లు విడివడిన క్షణమే రవ్వ పుట్టే క్షణం.

“తప్పు బండిది కాదు, చేతిదీ కాదు. వేళది,” అన్నాడు మేస్త్రీ గుజరాతీలో. “ఆ యేడు దీనిని విప్పి బిగించినది ఎవరు?”

రైతు చాలాసేపు మాట్లాడలేదు. “నేనే. అప్పుడు నాకు పదిహేనేళ్లు. శుభ్రం చేద్దామని విప్పాను. నాన్నకు చెప్పలేదు.”

“నాకు తెలుసు,” అన్నాడు మంచం మీది వృద్ధుడు. “బిగింపు మీద నీ నూనె వేళ్ల ముద్రలు చూశాను. ఆనాడే చెబితే నువ్వు మరి జన్మలో యంత్రం ముట్టుకునేవాడివి కావు.”

మేస్త్రీ తల వంచుకుని డిస్ట్రిబ్యూటరును రోటరు తిరిగే దిక్కుకే గోరంత జరిపాడు. గుర్తు చేరిన చోటే కాగితం వదిలింది. బిగించి, మరల ఒకసారి చూసుకున్నాడు. ప్లగ్గులు అమర్చి హ్యాండిల్ అందుకోబోయేంతలో రైతు ముందుకు వచ్చాడు.

“నేను తిప్పుతాను.”

“బొటనవేలు చుట్టకండి. నాలుగు వేళ్ల సరసనే ఉంచండి. కిందినుంచి పైకి లాగండి. పైనుంచి ఎన్నడూ నొక్కకండి.”

మొదటి లాగుకు దగ్గు. రెండవదానికి పొగ. మూడవదానికి ఇంజను అందుకుంది. రేకుల కొట్టమంతా మ్రోగింది. హ్యాండిల్ మెత్తగా వేళ్లను వదిలింది.

రైతు తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. వృద్ధుడు లేచి వచ్చి, వంకర మణికట్టుతోనే ఆ వణికే బానెట్టును నిమిరాడు. తరువాత అదే చేతిని కొడుకు భుజంపై వేశాడు.