నూటికి 84 వస్తే తప్పినట్టేనా?

ఇంట్లో ఆరో తరగతి దాటిన పిల్లలుంటే ఈ రెండు మాటలు మీరు వినే ఉంటారు. ఒకటి: "ఇప్పుడే కొనొద్దు నాన్నా, కొత్తది వచ్చేస్తోందట." రెండు: "ఆ గేమా? దానికి 78 మాత్రమే వచ్చాయి." మొదటి మాట గేమింగ్ కన్సోల్ గురించి. రెండోది గేమ్ రివ్యూల గురించి. మనలో చాలామంది "ముందు హోంవర్క్ సంగతి చూడు" అని ఊరుకుంటాం.

నేను అలా ఊరుకోలేను. ఇంటర్ చదివే రోజుల్లో గంటకు 20 రూపాయలిచ్చి ఇంటర్నెట్ సెంటర్‌లో కార్ రేసులు ఆడినవాణ్ని. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి ఆడుతున్నాను. గేములు మంచివా, చెడ్డవా అన్న చర్చ ఇక్కడ ఎత్తడం లేదు. నన్ను ఆలోచింపజేసేది పిల్లలకు ఆ అంకెల మీద ఉన్న నమ్మకం. కన్సోల్ యాభై వేల మాట. దాని మీద ఆడే కొత్త గేమ్ ఒక్కోటి నాలుగైదు వేలు. ఆ డబ్బు పెట్టేది మనం. అంకె చూసి ఒక వస్తువు విలువ తేల్చేసే అలవాటు కూడా పిల్లలకు చాలావరకు మన దగ్గర నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ఆ మార్కులు ఎవరు వేస్తారు?

పిల్లలు చెప్పే 78, 92 లాంటి అంకెలు ఎక్కువగా మెటాక్రిటిక్ అనే సైట్‌వి. 2001లో మొదలైన ఈ సైట్ వివిధ పత్రికలు, వెబ్‌సైట్ల రివ్యూలను ఒకచోట చేర్చి, అందరి రేటింగులనూ నూటికి మార్చి, సగటు తీస్తుంది. ఒకరు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తే అది 80 అవుతుంది. ఇంకొకరు పదికి ఎనిమిది ఇచ్చినా 80 అవుతుంది. అందరి మార్కులకూ ఒకే బరువు ఉండదు. కొన్ని పత్రికల మాటకు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. ఎవరికి ఎంత అన్నది సైట్ బయటపెట్టదు. పేపర్ దిద్దినవాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంది, చివరికి మనకు కనిపించేది ఒక్క మార్కు.

ఆ సైట్‌లో సినిమాలకూ మార్కులుంటాయి. సినిమాకు 65 వస్తే ఆకుపచ్చ రంగు, అంటే బాగుందని. గేమ్‌కు అదే 65 వస్తే పసుపు, అంటే ఫర్వాలేదని. గేమ్‌కు ఆకుపచ్చ రావాలంటే కనీసం 75 ఉండాలి. అంకె ఒకటే, సబ్జెక్టు మారితే అర్థం మారిపోయింది. గేమ్ రివ్యూలు రాసేవాళ్లు మామూలుగా ఏడుకూ తొమ్మిదికీ మధ్యే మార్కులు వేస్తూ వచ్చారు కాబట్టి, పిల్లల దృష్టిలో 80 దాటనిది ‘వేస్ట్’ అయిపోయింది. 90కి తగ్గితే ఫంక్షన్‌లో బంధువుల ముందు మార్కులు చెప్పడానికి ఇబ్బంది పడే మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

మార్కులు వేసేవాళ్లకే ఈ పద్ధతి మీద ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌కు చెందిన యూరోగేమర్ సైట్ 2015లో మార్కులు పూర్తిగా తీసేసింది. 2023లో ఐదు స్టార్ల రూపంలో మళ్లీ తెచ్చింది. జపాన్ పత్రిక ఫామిత్సు ఒక్కో గేమ్‌ను నలుగురితో ఆడించి, నలుగురి మార్కులూ కలిపి నలభైకి ఇస్తుంది. నాకు ఈ జపాన్ పద్ధతి నచ్చుతుంది. ఒకరు తొమ్మిది, ఇంకొకరు ఆరు వేసినట్టు కళ్లకు కనిపిస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

ఒక్క మార్కు ఖరీదు

2010లో ఫాలౌట్: న్యూ వేగాస్ అనే గేమ్ వచ్చింది. తయారుచేసింది అమెరికాలోని అబ్సిడియన్ స్టూడియో, విడుదల చేసింది బెథెస్డా. మెటాక్రిటిక్‌లో 85 వస్తే స్టూడియోకు బోనస్ ఇవ్వాలని ఒప్పందం. వచ్చింది 84. గేమ్ ఎంత అమ్ముడైనా అందులో తమకు వాటా లేదనీ, 85 దాటితే ఇచ్చే బోనస్ ఒక్కటే ఉండేదనీ, అది రాలేదనీ ఆ గేమ్ రూపకర్తల్లో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012లో స్వయంగా చెప్పారు.

నిజాయితీగా చెప్పాలంటే విడుదలైన రోజుల్లో ఆ గేమ్‌లో సాంకేతిక లోపాలు చాలా ఉన్నాయి. విమర్శకులు మార్కులు తగ్గించడం అన్యాయమేమీ కాదు. కానీ అదే గేమ్‌ను ఆ సిరీస్‌లోకెల్లా మంచిదని చెప్పేవాళ్లు ఈనాటికీ ఎందరో ఉన్నారు. 84కీ 85కీ మధ్య ఆటలో కనిపించే తేడా ఏముంటుంది? ఏమీ ఉండదు. తేడా ఒప్పందం కాగితం మీద ఉంది. కటాఫ్‌కు ఒక్క మార్కు తగ్గి సీటు పోయిన పిల్లలు మన బంధువుల్లోనో, మన వీధిలోనో ఒకరైనా ఉంటారు. కటాఫ్ ఎక్కడో ఒకచోట గీయక తప్పదు, ఒప్పుకుంటాను. ఆ గీతకు ఇవతల ఆగిపోయిన పిల్లవాడికి చదువు రాదని మాత్రం మనం అనం కదా.

ఏ మెషీన్ మీద? ఎవరి కోసం?

2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077 కథ ఇంకో పాఠం. విడుదలకు ముందు విమర్శకులకు ఇచ్చింది కంప్యూటర్ మీద ఆడే వెర్షన్. మంచి మార్కులు పడ్డాయి. తీరా కొన్నాక, అప్పటికే ఏడేళ్ల పాతదైన ప్లేస్టేషన్ 4 మీద ఆ గేమ్ సరిగా నడవలేదు. వారం రోజుల్లోనే సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి దాన్ని తీసేసింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. మెటాక్రిటిక్‌లో కంప్యూటర్ వెర్షన్‌కు 86 ఉంటే, ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కు 57. పేరు ఒకటే, కథ ఒకటే. మీ పిల్లలు 86 చూపించి గేమ్ అడిగితే, మన ఇంట్లో ఉన్న మెషీన్ మీద వచ్చిన మార్కు ఎంతో కూడా చూపించమనండి. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న లాప్‌టాప్ ఆ పరీక్ష రాయగలదో లేదో అప్పుడే తేలిపోతుంది.

తల్లిదండ్రులుగా మనం ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సింది మరొకటి ఉంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 అనే గేమ్‌కు 2013లో వచ్చిన మార్కులు 97. క్లాస్ ఫస్ట్ అన్నమాట. కానీ యూరప్ దేశాలు పాటించే పెగి రేటింగ్ ప్రకారం అది 18 ఏళ్లు నిండినవాళ్లకే. 97 అనేది పనితనానికి వేసిన మార్కు, 18 అనేది వయసు హద్దు. ఆ రెండు అంకెలకూ సంబంధం లేదు. పిల్లలు మొదటి అంకెను చదివి వినిపిస్తారు. రెండోది గేమ్ డబ్బా మీద మూలగా ఉంటుంది, దాన్ని మనమే వెతుక్కోవాలి. ఫోన్‌లో ప్లే స్టోర్‌లో కూడా ప్రతి గేమ్ కింద 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు కనిపిస్తుంది. డౌన్‌లోడ్‌కు ముందు అటు ఒకసారి చూడటానికి అర నిమిషం కూడా పట్టదు.

"వచ్చేస్తోందట!"

ఇక కొత్త మెషీన్ల మీద ఊహాగానాలు. మా అన్నయ్య కొడుకు పదో తరగతి. ఏ కన్సోల్ లోపల ఏ చిప్ రాబోతోందో కెమిస్ట్రీ ఫార్ములాల కన్నా బాగా చెబుతాడు. వాడి ఉత్సాహం నాకు ముచ్చటే. ఆ వదంతుల మీద ఆధారపడి డబ్బు ఖర్చుపెట్టడమో, ఖర్చు ఆపుకోవడమో మాత్రం వద్దంటాను.

2021 మొదట్లో నింటెండో కంపెనీ స్విచ్ కన్సోల్‌కు మరింత శక్తిమంతమైన మోడల్ తెస్తోందని పెద్ద పెద్ద వార్తాసంస్థలే రాశాయి. ఏడు అంగుళాల ఓఎల్ఈడీ తెర ఉంటుందట, టీవీకి కలిపితే 4కే బొమ్మ వస్తుందట. ఆ జులైలో నింటెండో నిజంగానే కొత్త మోడల్ ప్రకటించింది. ఏడు అంగుళాల ఓఎల్ఈడీ తెర ఉంది. 4కే లేదు, లోపలి ప్రాసెసర్ శక్తి పెరగలేదు. వదంతి సగం నిజమైంది. అసలు చిక్కు అక్కడే. పూర్తిగా అబద్ధమైన వదంతిని ఎవరూ నమ్మరు, సగం నిజమైనదే మనల్ని ఆపేస్తుంది. 4కే చూపించే స్విచ్ 2 చివరికి 2025 జూన్ 5న వచ్చింది. "ఇంకొన్నాళ్లు ఆగుదాం" అనుకున్నప్పుడు నాలుగో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ఎనిమిదో తరగతికి వచ్చేసింది.

ఆగితే ధర తగ్గుతుందన్నది ఇంకో నమ్మకం. పాత కన్సోళ్ల విషయంలో అది నిజమే. పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు విడుదలైంది. 2022 నవంబరులో దాని ధర 54,990 అయింది. పండగ ఆఫర్లలో అప్పుడప్పుడు తగ్గింది కానీ, అసలు ధర పైకే వెళ్లింది. ఇక 2024 నవంబరులో విదేశాల్లో పీఎస్5 ప్రో వచ్చినప్పుడు మన దేశంలో విడుదలే కాలేదు. కొత్త రకం వైఫైకి కావాల్సిన 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దగ్గర అప్పటికి అనుమతి లేకపోవడం కారణమని కంపెనీ చెప్పింది. చిప్ గురించి నెలల తరబడి చర్చించుకున్న మన పిల్లలకు ఇది ఊహకు అందని మలుపు.

కంపెనీలు స్వయంగా ప్రకటించే అంకెలతోనూ జాగ్రత్తే. 2020లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు 12 టెరాఫ్లాప్స్, పీఎస్5కు 10.28 అని తెలియగానే కుర్రాళ్ల మధ్య పెద్ద యుద్ధమే నడిచింది. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. తీరా రెండూ పక్కపక్కన పెట్టి ఆడితే చాలా గేముల్లో తేడా పట్టుకోవడం కష్టమైంది. కొన్నిటిలో తక్కువ అంకె ఉన్న మెషీనే మెరుగ్గా నడిచింది.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఈరోజు దుకాణంలో దొరికే మెషీన్ మీద, ఈరోజు దొరికే గేముల్లో మీ పిల్లలు ఆడదగ్గవి మూడో నాలుగో ఉన్నాయా? ఉంటే, బడ్జెట్ కుదిరితే కొనండి. లేకపోతే మానేయండి. రాబోయే గేమ్ కోసం మాట ఇవ్వకండి. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 ముందు 2025లో అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబరు 19కి మార్చారు. కంపెనీయే తన మాట మీద నిలబడలేనప్పుడు దాని తరఫున మనం పిల్లలకు మాట ఇవ్వడం ఎందుకు?

అంకె లేని రివ్యూ

మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త గేమ్ కావాలంటే మా అమ్మాయి ముందు రెండు రివ్యూలు చదవాలి, ఒకటి ఎక్కువ మార్కులు ఇచ్చింది, ఇంకొకటి తక్కువ ఇచ్చింది. ఇద్దరూ ఎక్కడ విభేదించారో నాకు చెప్పాలి. గేమ్ ఆడాక తను కూడా పది వాక్యాల రివ్యూ రాయాలి. తెలుగైనా సరే, ఇంగ్లిషైనా సరే. అంకె వేయకూడదు, స్టార్లు పెట్టకూడదు.

కిందటి సెలవుల్లో స్టార్‌డ్యూ వ్యాలీ గురించి రాసింది. ఎరిక్ బరోన్ అనే అమెరికన్ యువకుడు నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని చేసిన వ్యవసాయం ఆట అది. "ఇందులో పొలం పని హాయిగా ఉంటుంది, ఎందుకంటే నష్టం వచ్చినా ఎవరూ తిట్టరు" అని మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లో దుంపలు చేతికొస్తాయని తాతయ్యకు చూపించిందట. "అలా వస్తే మీ నాన్న ఊరు వదిలేవాడే కాదు" అన్నారట ఆయన. ఆ మాట కూడా రివ్యూలో రాసింది. ఆ పది వాక్యాల్లో ఆ గేమ్ గురించి, మా అమ్మాయి గురించి నాకు తెలిసినంత ఏ నూటికి ఇన్ని అన్న మార్కూ చెప్పలేదు.

మీరూ ప్రయత్నించి చూడండి. గేములు నచ్చని ఇంట్లో సినిమాతో చేయొచ్చు, క్రికెట్ మ్యాచ్‌తో చేయొచ్చు. వచ్చే నెల ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వచ్చినప్పుడు కూడా మార్కుల గళ్ల దగ్గరే ఆగిపోకుండా, కింద టీచర్ రాసిన రెండు వాక్యాలు పిల్లలతో కలిసి గట్టిగా చదవండి. ఆ వాక్యాలు అర్థం కాకపోతే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. "ఎన్ని వచ్చాయి?" అన్న ప్రశ్నకు జవాబు కార్డు మీదే ఉంటుంది. "ఎక్కడ ఆగిపోతోంది? ఏది ఇష్టంగా చేస్తోంది?" అన్నవి మాత్రం మనం అడిగితేనే టీచర్లు చెబుతారు.