మంచి అల దొరకు చోటు

మా షోలాపురమునకు సముద్రము లేదు. సిద్ధేశ్వరుని చెరువే మాకు సముద్రము. శ్రావణ పూర్ణిమనాడు కొంకణ తీరమున జాలరులు సముద్రునకు కొబ్బరికాయ సమర్పింతురు. మహారాష్ట్ర సోదరులు దానిని నారళీ పున్నమి యందురు. ఆ దినముననే మన పద్మశాలీయులు నూతన యజ్ఞోపవీతములు ధరించి, మార్కండేయ మహర్షి రథమును పూర్వభాగపు వీధులలో ఊరేగింతురు. కొబ్బరికాయలు మనమును కొట్టుదుము; కాని అవి రథము ముందు పగులునే గాని అలలపై తేలవు. మా తాతగారు కరీంనగరము సీమనుండి మగ్గమును నమ్ముకొని వచ్చినవారు. వారు మానేరును ఎరుగుదురు, సీనానదిని ఎరుగుదురు. సాగరమును చూడకయే గతించిరి.

మేమును ఒక చద్దర్ల కార్ఖానాలో ముప్పది యెనిమిదేండ్లు గుమాస్తాగా లెక్కలు వ్రాసి, అరువదియేండ్లు దాటిన పిదపనే సముద్రమునకు పోయితిమి. పోయినది పుణ్యస్నానమునకు గాదు; అలలను వెదకుటకు.

మా పెద్ద మనుమడు చెన్నపట్టణమున ఉద్యోగి. ఆ సమీపమున కోవళమను జాలరిపల్లెలో, పలకపై నిలిచి అలమీద జారి వచ్చు విద్యను అతడు నేర్చినాడు. దానిని సర్ఫింగు అందురు. హవాయి దీవులవారికి ఇది తరతరముల విద్య. 1912లోను 1920లోను ఒలింపిక్ ఈత పందెములలో స్వర్ణపతకములు గెలిచిన డ్యూక్ కహనమోకు ఆ దీవులవాడే; ఈ విద్యను దేశాంతరములందు ప్రచారము చేసినవాడును అతడే. టోక్యో ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినప్పుడు ఇదియు ఒక పోటీగా మొదటిసారి చేరినది.

“తాతా, ఈసారి అందరం కలిసి తెలుగు సముద్రానికే పోదాం. అలలు ఎక్కడ బాగుంటయో నువ్వే చూసి పెట్టు” అని మనుమడు పలికెను. లెక్కలు వ్రాసిన చేయి ఊరకుండునా? పటములు ముందు వేసుకొని కూర్చుంటిమి. కాకినాడ యెదుట హోప్ ఐలండ్ అను ఇసుక దీవి కనబడెను. గోదావరి తెచ్చిన ఇసుకతో సుమారు రెండు వందల యేండ్లలో ఏర్పడినదట. పొడవు ఇంచుమించు 16 కిలోమీటర్లు. సముద్రపు దెబ్బను అది తన వీపున కాచుకొనుటచేతనే కాకినాడ రేవులో ఓడలు నెమ్మదిగా నిలుచుచున్నవి. కావున లోపలి వైపు నీరు చెరువువలె నుండును. అలలు కావలెనన్న దీవికి ఆవలి వైపునకు పోవలెను. ఈ సంగతి కాగితముపై వ్రాసి, క్రింద గీతగీసి, మిక్కిలి సంతసించితిమి.

2023 జనవరిలో, సంక్రాంతికి సిద్ధేశ్వరుని జాతర ముగిసిన పిమ్మట, కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సామర్లకోటలో దిగి కాకినాడ చేరితిమి. మరునాడు అనుమతి వ్రాయించుకొని, పడవ మాటాడుకొని, కుటుంబసమేతముగా దీవికి పోయితిమి. ఇసుకదిబ్బ దాటగనే అలల ఘోష వినబడెను. మా కాగితము తప్పు కాలేదు.

పెద్ద మనుమడు వెంటనే నీటిలోనికి దిగలేదు. అరగంటసేపు గట్టున నిలిచి చూచుచుండెను. అల తన యెత్తుకు ఇంచుమించు ఒకటింబావు రెట్ల లోతుగల చోటికి వచ్చినంతనే విరుగునట. అందుచే అల ఎక్కడ విరుగునో అక్కడ నీటిక్రింద ఇసుకమేట యున్నదని గ్రహింపవలెను. అల యంతయు ఒక్కసారి గోడవలె కూలినచో పలకకు పనికిరాదు. ఒక కొసన విరిగి, మగ్గముపై పేక నడచినట్లు, క్రమముగా రెండవ కొసకు విరుగుచు పోయినచో అదియే మంచి అల.

అతడు చూచుచుండగా మేమును చూచితిమి. తెల్లని నురుగుల నడుమ ఒకచోట మాత్రము అలలు లేవు. నీరు నల్లగా, నిశ్చలముగా నుండెను. పసివారి స్నానమునకు ఇంతకన్న భద్రమైన చోటు లేదని తలచి, పదునొకండేండ్ల చిన్న మనుమని అచ్చట దింపితిమి. ఇది మా కాగితములో లేని లెక్క.

దీవిపై కొన్ని జాలరి కుటుంబములు కలవు. దూరమున వల బాగుచేసికొనుచున్న ఒక వృద్ధుడు లేచి పెద్దగా కేకవేసెను: “బాబోయ్! అటెల్లకు! పాటు లాగేత్తాది! ఇటొచ్చెయ్!” చిన్నవాడు వానివైపు తిరిగి, తన్నెవరో పలుకరించుచున్నారనుకొని, నవ్వి చేయి యూపెను. మరల లోపలికి ఒక యడుగు వేసెను. రెండవ యడుగు వానిది గాదు, నీటిది.

ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలెను. పెద్దవాడు వాని నాయనమ్మ యొడిలో పెరిగి ఆమె తెలుగు నేర్చినాడు. చిన్నవాడు పుట్టిన యేడే ఆమె గతించినది. పిదప మా యింట అందరము మరాఠీలోనే మాటలాడితిమి. “చదువుకు అడ్డము రాగూడదు, తెలుగు తరువాత వచ్చునులే” అని నిర్ణయించినవారము మేమే. ఆ తరువాత అన్నది రాలేదు. వృద్ధుని కేకలో ఒక్క మాటయు వానికి తెలియలేదు.

పెద్దవాడు పలకతో నీటిలోనికి దూకి తమ్ముని చేరెను. పసివాడు పలకను కరచుకొనెను. ఇద్దరును ఒడ్డునకు రాజూచుచు, అంతకంతకు దూరమగుచుండిరి. వృద్ధుడు మొలలోతు నీటిలో నిలిచి అరచెను: “ఎదురీదకు బాబూ! అడ్డంగా రా, అడ్డంగా!” పెద్దవానికి ఈ మాట అర్థమయ్యెను. పలకను తీరమునకు సమాంతరముగా త్రిప్పి, ప్రక్కగా ఈది, అలలు విరుగు చోటికి వచ్చిరి. అక్కడి అలలే వారిని గట్టుకు తెచ్చినవి. మా కాళ్ళలో సత్తువ లేక ఇసుకలో కూలబడితిమి.

ఆ వృద్ధుడు మమ్ము మందలింపలేదు. మంచినీరిచ్చి, ఇట్లనెను: “తెల్లగా నురగున్న కాడ మేట ఉంటాదండి, కాలందుతాది. నల్లగా నెమ్మదిగా ఉన్న కాడే లోతు. అలలు తోసిన నీరంతా అటే తిరిగెల్తాది. పోటు తిరిగి పాటు మొదలైతే మరీ గట్టిగా లాగుతాది.” నీరు వచ్చుట పోటు, పోవుట పాటు. అరువదియేండ్లు దాటిన తెలుగువారమైన మాకును ఆ రెండవ మాట క్రొత్తదే.

కొంతసేపటికి పెద్దవాడు వృద్ధుని అడిగి, అనుమతి పొంది, ఆ నల్లని దారినే మరల లోపలికి పోయెను. ఏ నీరు తెలియనివానిని లాగుకొనిపోవునో ఆ నీరే తెలిసినవానికి బాట యగును. చేతులు వేయు శ్రమ సగము తప్పును. మేట యంచున ఒక అలను పట్టి, లేచి నిలిచి, కొసనుండి కొసకు జారి వచ్చెను. వృద్ధుడు చూచి, “మా తెప్పకి తమ్ముడే గదా ఇది” అని నవ్వెను.

మరునాడు ఉప్పాడ పోయితిమి. అచ్చటి అలలు పెద్దవే. కాని అవి రాళ్ళకట్టకు కొట్టుకొనుచుండుటచే మనుమడు పలకను దింపనే లేదు. జాందానీ చీరలకు ఆ యూరు ప్రసిద్ధము. 2009లో భౌగోళిక గుర్తింపును పొందినవి. ఒక నేతయింట కూర్చుండగా పడుగు, పేక, నాడె, అచ్చు అను మన మాటలే వినబడెను. చిన్నవాడు ఒక్కొక్కదానిని చూపి పేరడిగెను. నాలుగు తరములు ఆ వస్తువులపై బ్రతికిన యింటి బిడ్డ, వాని పేర్లను ఉప్పాడలో నేర్చికొనెను.

సముద్రమునకు పోవు మన కుటుంబములకు మా మనవి ఇంతే. పటములు చూడుడు, మంచిదే. కాని నీటిలో కాలు పెట్టుటకు ముందు అచ్చటి జాలరిని అడుగుడు. నెమ్మదిగా కనబడు నీటిని నమ్మకుడు. నీరు లాగినచో ఎదురీదక అడ్డముగా ఈదుడు. మరియు, ఆ జాలరి చెప్పునది తెలియునంత తెలుగైనను పిల్లలకు ఇంట నేర్పుడు.

ఇప్పుడు ప్రతి సాయంకాలము చిన్నవాడు మా ప్రక్కన కూర్చుండి అక్షరములు దిద్దుచున్నాడు. ‘ళ’ వ్రాయుట వానికి ఇంకను వంకరయే. పోయిన పున్నమినాడు రథము ముందు కాయ కొట్టుచు, “తాతా, సముద్రానికి కూడ ఒకటి కొట్టాల” అనెను. మేము రెండవ కాయ కొనితిమి.