గాలి మారింది, కిటికీలు వేయండి

మొన్న సంక్రాంతి సంబరాల్లో ఒక బాబు "అంకుల్, మీరేం ఇంజనీరు?" అని అడిగాడు. "పొగగొట్టాల డాక్టర్ని నాన్నా!" అన్నాను. అందరూ నవ్వారు. ఆ వైద్యం సంగతి మీకూ చెబుదామనిపించింది.

నా చిన్నతనం పటాన్‌చెరులో గడిచింది. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు. రాత్రి ఘాటు వాసన రాగానే అమ్మ లేచి, "గాలి మారింది, కిటికీలు వేయండిరా" అనేది. ఎండాకాలంలో కూడా ఆ ఉక్కలోనే పడుకునేవాళ్ళం.

ఇక్కడ నేను పనిచేసిన చోట రేకులకు రంగులు వేసేవారు. ఆ రంగుల్లోని టోల్యూన్, జైలీన్ ఆవిరై గాలిలోకి పోతాయి. వాటిని ఉత్త మంటతో కాల్చాలంటే సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అదే తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మెలకు ప్లాటినం, పల్లాడియం పూత పూసి అందులోంచి పంపితే 300-400 డిగ్రీల్లోనే పని జరిగిపోతుంది. మిగిలేది కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి. ఈ ఉత్ప్రేరకం మన పెళ్ళిళ్ళ పేరయ్యలాంటిది. ఆక్సిజన్‌తో ముడివేయించి తాను పక్కకు తప్పుకుంటుంది.

దానికీ జబ్బు చేస్తుంది. ఆవిర్లు కాలితే బయటికొచ్చే గాలి లోపలికెళ్ళిన దానికన్నా వేడిగా ఉండాలి. 2009లో ఆ తేడా వారం వారం తగ్గడం గమనించాను. గొలుసులు బిగుసుకోకుండా ఎవరో సిలికోన్ స్ప్రే కొడుతున్నారు. అది కాలి, ఇసుకలాంటి పొరగా ప్లాటినాన్ని కప్పేసింది.

"కంటికి పొగ కనబడటం లేదు కదా, తనిఖీ దాకా ఆగుదాం" అన్నాడు మేనేజరు. నా గ్రీన్ కార్డు కాగితాలు ఆ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. చంటిపిల్ల, ఇంటి అప్పు. నిజం చెప్పాలంటే పది రోజులు నోరు మూసుకున్నాను.

పదకొండో రోజు సాయంత్రం కారెక్కుతూంటే, ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒకావిడ కిటికీ మూస్తోంది. ఎందుకు మూసిందో నాకు తెలియదు. అమ్మ గుర్తొచ్చింది. మర్నాడు లెక్కలన్నీ కాగితం మీద పెట్టి, సంతకం చేసి ఇచ్చాను. లైను నాలుగు రోజులు ఆగింది. కొత్త ఉత్ప్రేరకం వచ్చింది. ఉద్యోగం పోలేదు గానీ, మేనేజరు ఏడాదిపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఫోన్‌లో చెబితే అమ్మ, "మంచి పని చేశావురా. మరి ఆ పది రోజులూ ఎందుకాగావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆ బాబు రేపు ఇంజనీరైతే, అమ్మ ప్రశ్న గుర్తుంచుకుంటాడని ఇక్కడ రాస్తున్నాను.