రెండు కొమ్ముల తీగ

పాత వస్తువులను అటక మీద నుంచి దింపి మళ్ళీ పనిచేయించవలెనని పూనుకొనేవారికి ఓపిక ఉండవలెను. నాకు అది సహజంగా తక్కువ. అయినా క్రిందటి వేసవిలో ఒక వారం రోజులు నేను, మా నాన్నగారు, పదమూడేళ్ళ వయసున్న మా కారు, దానికన్నా పాతదైన ఒక ఐపాడ్ - నలుగురమూ కలిసి పడిన అవస్థ వ్రాసిపెట్టుకోదగినదని తోచింది.

సంగతి ఏమిటంటే, మా పెద్దత్తయ్య నిరుడు పోయింది. సంవత్సరీకానికి రాజమహేంద్రవరం వెళ్ళవలెను. నాన్నగారికి ఎనభై దాటినవి. రైలు మెట్లు ఎక్కలేరు కాబట్టి హైదరాబాదు నుంచి కారులోనే ప్రయాణమని నిశ్చయించాము. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. బయలుదేరడానికి వారం ముందు, భోజనాలవేళ, నాన్నగారు తల ఎత్తకుండానే అడిగారు.

"ఒరేయ్, అక్కయ్య పాడిన ఊర్మిళాదేవి నిద్ర నీ దగ్గరే ఉందిగా? దారిలో పెట్టు. విందాం."

నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

1989 వేసవి సెలవులలో దానవాయిపేటలోని అత్తయ్య ఇంటి వసారాలో, టూ ఇన్ వన్ ముందు ఆమెను కూర్చోబెట్టి నాన్నగారు పాడించిన పాట అది. అరవై నిమిషాల క్యాసెట్టు; పాట ఒక వైపు పట్టక రెండవ వైపుకు పొరలింది. మధ్యలో కాకి అరుపు, వీధిలో సైకిలు గంట, "అయిపోయిందా?" అని అడిగే నా గొంతు కూడా అందులో ఉన్నాయి. 2007లో దానిని కంప్యూటరులోకి ఎక్కించి, అక్కడ నుంచి ఐపాడ్‌లో దాచాను. తరువాత ఇల్లు మారినప్పుడు క్యాసెట్ల పెట్టెకు బూజు పట్టినదని నేనే పారవేయించాను. "అన్నీ ఇందులో భద్రంగా ఉన్నాయి నాన్నగారూ" అని ఆ తెల్లని బిళ్ళను చూపించి ధైర్యం చెప్పినదీ నేనే. ఆ కంప్యూటరు ఆ తరువాత రెండేళ్ళకే చెడిపోయింది. అంటే, అత్తయ్య గొంతు ఈ లోకంలో మిగిలి ఉన్న చోటు ఒక్కటే.

ఇంట్లో ఫోనుకు చెవి గొట్టాలు తగిలించి వినిపించవచ్చును కదా అని మీరు అనవచ్చును. నాన్నగారికి వినికిడి తగ్గింది. చెవిలో పెట్టే యంత్రమంటే ఆయనకు గిట్టదు. అద్దాలు మూసిన కారులో, నాలుగు తలుపుల నుంచి వచ్చే ధ్వని మాత్రం ఆయనకు చక్కగా అందుతుంది. పాత పాటలన్నీ ఆయన కారులోనే వింటారు, ఒక్కొక్కసారి కారు కదలకుండానే.

బీరువా అడుగున దొరికిన ఐపాడ్ మొదట ప్రాణం లేనట్టే ఉన్నది. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచిన బ్యాటరీ పూర్తిగా ఇంకిపోతుంది. గోడకు తగిలించగానే తెర వెలగదు. ఆ సంగతి తెలియనివారు చచ్చిపోయినదని పారవేస్తారు. అరగంట తరువాత తెర మీద చిన్న బ్యాటరీ బొమ్మ కనిపించింది. మెనూ మీటను, నడిమి మీటను కలిపి ఏడెనిమిది సెకన్లు అదిమిపట్టితే నిద్ర లేచింది. ఊర్మిళాదేవి పాట కోసం ఇన్నేళ్ళ నిద్ర నుంచి దీనిని లేపడమేమిటని నవ్వు వచ్చింది కాని, ఆ నవ్వు కారు దగ్గరకు వెళ్ళేవరకే.

మామూలు యూఎస్‌బీ తీగతో తగిలిస్తే ఐపాడ్‌కు ఛార్జింగ్ ఎక్కుతున్నది, కారుకు మాత్రం అది కనబడడం లేదు. సర్వీసు సెంటరుకు వెళ్ళితే అక్కడి అబ్బాయి దానిని తిప్పి తిప్పి చూసి, "ఇదేంటి సార్?" అన్నాడు. తప్పు అతనిది కాదు. మొదటి ఐపాడ్ 2001 అక్టోబరులో వచ్చినది. చివరిదాని తయారీ 2022లో నిలిచిపోయినది. అతని చేతికి అది ఎన్నడూ వచ్చి ఉండదు. మొత్తం మ్యూజిక్ సిస్టమ్ మార్చుకోమని, ఇరవై వేల పైమాటేనని సలహా చెప్పి పంపించారు.

ఆ రాత్రి కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివితే విషయం తెలిసింది. ఆ రోజులలో కొన్ని కార్లకు ఒక ప్రత్యేకమైన తీగ ఇచ్చేవారు. ఒక చివర ఐపాడ్‌కు తగిలే వెడల్పాటి ముప్ఫై పిన్నుల కొన. రెండవ చివర రెండు కొమ్ములు - ఒకటి యూఎస్‌బీ, మరొకటి ఆక్స్ రంధ్రంలో దూరే 3.5 మిల్లీమీటర్ల పిన్ను. ఆదేశాలు, విద్యుత్తు యూఎస్‌బీ కొమ్ము గుండా నడుస్తాయి. పాట మాత్రం ఆక్స్ కొమ్ము గుండా వస్తుంది. రెండూ తగిలితే తప్ప కారు ఐపాడ్‌ను గుర్తించదు. నేను ఒంటికొమ్ము తీగతో కుస్తీ పట్టుతున్నాను. ఆ ముప్ఫై పిన్నుల ఏర్పాటు 2003లో వచ్చి, 2012లో లైట్నింగ్ అనే చిన్న కొన రావడంతో మెల్లగా కనుమరుగయింది. ఆ పిన్నులలో ధ్వని కోసం ప్రత్యేకించినవి ఉన్నాయి. వాటి నుంచి వచ్చే పాటకు ఐపాడ్ వాల్యూముతో సంబంధం లేదు, ఎప్పుడూ ఒకే స్థాయిలో వస్తుంది. అందువలన చెవి గొట్టాల రంధ్రం నుంచి వచ్చేదానికన్నా శుభ్రంగా వినిపిస్తుంది. చక్కని ఏర్పాటే. కాని ప్రతి ఏర్పాటుకూ ఒక తీగ, ప్రతి తీగకూ ఒక ఆయుర్దాయం. అమెరికాలో ఉన్న మా తమ్ముడి పాత కారులో ఇంకొక చిక్కు ఉండేది. అది ఫైర్‌వైర్ పిన్నుల మీదుగా 12 వోల్టులు పంపే రకం. 2008లో వచ్చిన ఐఫోన్ 3జీ ఆ దారిని మూసివేసింది కనుక పాట పాడేది, ఛార్జింగ్ మాత్రం ఎక్కేది కాదు. వాడు దానిని బాగుచేయించడానికి ఖర్చుపెట్టిన డబ్బు సంగతి మరొకప్పుడు.

రెండు కొమ్ముల తీగ మర్నాడు కారు పుస్తకం ఉంచిన సంచిలోనే, అడుగున దొరికింది. పిన్నులకు పచ్చని చిలుము. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, పాత పళ్ళ బ్రష్షుతో తుడిచి, ఐపాడ్ నోటిలో పేరుకొన్న నూగును చెక్క పుల్లతో తీసి తగిలించాను. కారు తెర మీద ఐపాడ్ పేరు కనిపించింది. నాన్నగారు ముందు సీటులో చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. తెర మీద "రీడింగ్" అన్న మాట మెరుస్తూ ఒక నిమిషం, రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు గడిచినవి. అప్పుడు వినిపించింది ఐపాడ్ లోపలి నుంచి - టక్. కొంచెం ఆగి మళ్ళీ, టక్.

దానిలో ఉన్నది 30 జీబీ హార్డ్ డిస్కు, తిరిగే పళ్ళెం. ఆ చప్పుడు ఏమి చెబుతుందో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. వెంటనే తీగ పెరికివేశాను.

"ఏమైంది? పాడదా?" అన్నారు నాన్నగారు.

అప్పుడు చేయవలసిన పని ఒక్కటే, దానిని ఇంటిలోకి తీసుకొనిపోయి ముందు పాటను మరొక చోటికి ఎక్కించుకోవడం. నాకు తెలుసును. అయినా ఆయన ముఖం చూసి చేయలేకపోయాను. మామూలు ఆక్స్ తీగను చెవి గొట్టాల రంధ్రంలో పెట్టి, ఛార్జింగ్ అయిపోతుందేమోనని సిగరెట్ లైటరు సాకెట్టులోని ఛార్జరును కూడా తగిలించి, ఏసీ కోసం ఇంజిను నడుపుతూ పాట పెట్టాను.

అత్తయ్య గొంతు వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ క్రిందటి గొంతు. దాని వెనుక సన్నగా ఒక కూత. యాక్సిలరేటరు నొక్కితే ఆ కూత పైస్థాయికి ఎక్కుతున్నది, వదిలితే దిగుతున్నది.

"అక్కయ్య వెనక ఆ తుమ్మెద రొద ఏమిటిరా?"

దానిని గ్రౌండ్ లూప్ అంటారు. ఛార్జరు గుండా ఐపాడ్ ఒక చోట కారు లోహపు దేహానికి కలుస్తుంది. ఆక్స్ తీగ గుండా మరొక చోట కలుస్తుంది. ఆ రెండు చోట్ల మధ్య అణుమాత్రం వోల్టేజీ తేడా ఉన్నా, పాట నడవవలసిన తీగలో ఆల్టర్నేటరు తాలూకు అలజడి కూడా నడుస్తుంది. ఇంజిను వేగాన్ని బట్టి కూత హెచ్చుతగ్గులు కావడమే దాని ఆనవాలు. రెండు కలయికలలో ఒకదానిని తెంపితే చాలు. ఛార్జరు పీకివేశాను. తుమ్మెద మాయమైంది. కాకి అరుపు కూడా స్పష్టంగా వినిపించింది. నాన్నగారు కళ్ళు మూసుకొన్నారు.

పన్నెండు నిమిషాలు. ముసలి బ్యాటరీ అంతకుమించి నిలువలేదు. రాముడి సభ అయినది, లక్ష్మణుడు అంతఃపురానికి బయలుదేరినాడు, ఊర్మిళ ఇంకా లేవలేదు, తెర నల్లబడింది.

మర్నాడు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి గ్రౌండ్ లూప్ ఐసోలేటరు అడిగాను. అగ్గిపెట్టె అంత నల్లని డబ్బా; లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, అంతే. లోహపు సంబంధం తెగిపోతుంది, ధ్వని మాత్రం అయస్కాంతం దారిన దాటిపోతుంది. "చవక రకం సార్, బేస్ కొంచెం తగ్గుద్ది" అన్నాడు దుకాణదారు, నిజాయితీగా. ఒక ముసలి స్త్రీ గొంతుకు బేస్ ఏమి అవసరం? కొన్నాను. కాని ఇంటికి వస్తున్నంతసేపూ చెవిలో ఆ టక్ అన్న చప్పుడే. ఆ డబ్బాను ఇప్పటికీ తగిలించలేదు.

ఐపాడ్‌ను కంప్యూటరుకు తగిలిస్తే పాటలు తిన్నగా కనబడవు. దాచిన సంచయాలను చూపించమని కంప్యూటరుకు చెప్పితే, లోపల ఎఫ్00, ఎఫ్01 అని వరుసగా గదులు. వాటిలో నాలుగేసి అక్షరాల అర్థంలేని పేర్లతో దస్త్రాలు. అసలు పేరు దస్త్రం కడుపులో ఉంటుంది. మూడు వేల పాటలలో అత్తయ్యను వెదకడానికి రాత్రి పదకొండయింది. మొదటి వైపు సులభంగానే వచ్చింది. రెండవ వైపు సగంలో ఆగి, చదవలేకపోతున్నానని కంప్యూటరు చేతులెత్తేసింది. చల్లారనిచ్చి మళ్ళీ, మళ్ళీ; నాలుగు సార్లు. చివరకు 2007లో క్యాసెట్టుకు చేసినట్టే చేశాను - పాట పాడుతుండగా కంప్యూటరులో రికార్డు చేయడం. చెడిన చోటికి రాగానే ఐపాడ్ తరువాతి పాటకు గెంతివేసేది. చక్రం మీద వేలు తిప్పి ఆ చోటు దాటించి, మిగిలినది పట్టుకొన్నాను. మధ్యలో నిమిషానికి కొంచెం తక్కువ పోయింది. భర్తను పరపురుషుడనుకొని ఊర్మిళ మందలించే ఘట్టం.

ఆ తరువాతిది హాస్యం. పాట చేతికి వచ్చినది కాబట్టి ఐపాడ్‌తోనే పని లేదు, పెన్‌డ్రైవ్ చాలు. 64 జీబీది పెడితే కారు చదవలేదు. అది ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉన్నది, పాత కార్లు ఫ్యాట్32 మాత్రమే ఎరుగుదురు. పాత 4 జీబీది వెదికి పెట్టితే, మొదటి వైపును లెక్కచేయలేదు. అది ఐపాడ్ రోజుల ఏఏసీ రకం, ఈ కారుకు తెలిసినవి ఎంపీ3, డబ్ల్యూఎంఏ. ఎంపీ3గా మార్చి పెట్టితే రెండవ వైపు ముందు పాడింది. ఎక్కించిన వరుసలోనే పాడుతుంది కాని పేర్ల వరుస చూడదు. తెలుగులో వ్రాసిన పాట పేరు తెర మీద ఖాళీ గళ్ళుగా కనిపించింది. అది మాత్రం సరిచేయలేదు. ఇంగ్లీషులో వ్రాయడానికి మనసొప్పలేదు.

ప్రయాణంలో సూర్యాపేటలో టీ త్రాగినాక పాట పెట్టాను. పోయిన ముక్క గురించి నాన్నగారికి చెప్పలేదు. కోదాడ దాటినాక ఆ చోటు వచ్చింది. అతుకు బాగానే వేశానని అనుకొన్నాను.

"ఇక్కడ కొంత పోయిందిరా" అన్నారు ఆయన.

"అవును నాన్నగారూ. క్యాసెట్టు ఉండి ఉంటే..."

ఆయన ఏమీ అనలేదు. పాట పూర్తి అయ్యేదాకా కిటికీ వైపు చూస్తూ ఉండి, "మళ్ళీ మొదటినుంచి పెట్టు" అన్నారు. నందిగామ వచ్చేసరికి ఊర్మిళ మరల నిద్రలో ఉన్నది.

రాజమహేంద్రవరంలో కార్యక్రమం అయిన మరునాడు, అత్తయ్య కూతురిని, మా వదినను, ఆ ఘట్టం వచ్చునా అని అడిగాను. వంటింటి గడప మీద కూర్చొని పాడింది. నాలుగైదు చరణాలు వచ్చినవి, వరుస మాత్రం వేరు. పెళ్ళయి వెళ్ళిన ఊరిలో ఆడవాళ్ళు అలా పాడుతారట. ఫోనులో రికార్డు చేసుకొన్నాను. దానిని అత్తయ్య పాటలో అతికించలేదు, విడిగా ఉంచాను.

బావ తనకూ ఒక ప్రతి కావాలన్నాడు. పెన్‌డ్రైవ్ తీసుకొని ఆయన కొత్త కారు దగ్గరకు వెళ్ళితే, అందులో పెన్‌డ్రైవ్ పట్టే రంధ్రమే లేదు. ఉన్న రెండూ సీ రకంవి. దానికి తగిన తొడుగు మెయిన్ రోడ్డులో దొరుకుతుందన్నాడు. ఎండ చల్లబడనిచ్చి, ఇద్దరమూ చెప్పులు వేసుకొని బయలుదేరాము.