సూది లేని తుపాకి

మొన్న అమెరికా నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ సైన్యాలు పక్కన పెట్టిన పాత తుపాకులు కొని బాగుచేసుకోవడం కొందరికి సరదా. వీడూ ఒకటి కొన్నాడట. "మామయ్యా, దీనిమీద ఇషాపూర్ అని ఉంది. ఫైరింగ్ పిన్ అరిగిపోతే కొత్తది పోస్టులో తెప్పించి వేయించాను" అన్నాడు. కలకత్తా దగ్గరి ఇషాపూర్ కార్ఖానాలో పుట్టిన .303 రైఫిల్ ఎంత దూరం వెళ్లిందో చూడండి!

ఆ రైఫిల్‌తో నాకూ పరిచయం ఉంది. బీకాం చదివే రోజుల్లో ఎన్‌సీసీలో రెండేళ్లు మోశాను. సుమారు నాలుగు కిలోల బరువు. భుజాన పెట్టుకుంటే నేనే సరిహద్దు కాస్తున్నట్టుండేది. ఒకరోజు మా హవల్దారు నవ్వుతూ, అవి డ్రిల్లు కోసమే ఉంచినవనీ, వాటిలో మందును కొట్టే సూది పనిచేయదనీ చెప్పాడు. నా వీరత్వం ఆ పూటకు చల్లబడింది.

ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది 1998లో, కావేరిపట్టణం శాఖలో పనిచేస్తున్నప్పుడు. మా గార్డు మాజీ సైనికుడు, మన తెలుగువాడే. అతని చేతిలో ఉండేది రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి. మామిడికాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీల లావాదేవీలతో డబ్బు విపరీతంగా వచ్చేది. కృష్ణగిరికి నగదు పంపే జీపులో అతని పక్కన నేనూ కూర్చునేవాణ్ణి, నిశ్చింతగా.

ఒక శనివారం సాయంత్రం అతను నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. తుపాకి విప్పి, తూటాలు లేవని నాకు చూపించి, పైకి నిలబెట్టి కుడి గొట్టంలోకి నా బల్లమీది పెన్సిలు జారవిడిచాడు. గుర్రం నొక్కితే పెన్సిలు ఎగిరిపడింది. ఎడమ గొట్టంలో వేసి నొక్కాడు. చప్పుడైందిగానీ పెన్సిలు కదల్లేదు.

"సూది మొన ఇరిగిపోయిండాది సార్. రెండు నెలలుగా నాకు అనుమానమే. చెప్తే పని పోతుందేమోనని భయపడితిని. చూసేవాళ్లకి తుపాకి కనబడితే చాలులే అనుకొంటిని" అన్నాడు తల వంచుకొని.

నాకు కోపం వచ్చింది. రిజిస్టరు తెప్పించాను. మూడు నెలలకొకసారి "పరిశీలించాను, సక్రమంగా ఉన్నది" అన్న వాక్యం కింద నాలుగు సంతకాలు. నాలుగూ నావే! ఒక్కసారీ తుపాకిని ముట్టుకోలేదు. సరుకు చూడకుండా స్టాకు లెక్కమీద సంతకం పెట్టకూడదని కామర్సులో మొదటి పాఠం. అతనిది రెండు నెలల తప్పు, నాది ఏడాది తప్పు. నా కోపం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. గార్డే కనిపెట్టి చెప్పాడనీ, నేను చూడకుండానే సంతకాలు పెట్టాననీ రాశాను. పోస్టు చేసేదాకా చేయి వణికింది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, అతని ఉద్యోగం నిలిచింది. తుపాకిని లైసెన్సున్న దుకాణానికి పంపి సూది మార్పించాం. "సూది కురచైతే తూటా పేలదు సార్, పొడుగైతే తూటా అడుగు చిల్లిపడి మంట ఎనక్కి కొడుతుంది. కొలత సరిగా ఉండాల" అని వివరించాడతను. ఖాళీ తుపాకిని ఊరికే నొక్కుతూ ఉన్నా మొన విరుగుతుందని, అప్పటినుంచి డమ్మీ తూటాలు వేసే నొక్కి చూసేవాడు. ప్రతి మూడు నెలలకూ పెన్సిలు నేనే వేసేవాణ్ణి.

2020 గణతంత్ర దినోత్సవ పరేడ్‌తో ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు చెప్పారని చదివినప్పుడు ఆ గార్డే గుర్తొచ్చాడు. మా మేనల్లుడికి ఇదంతా చెప్పి, "సూది వేయించావు సరే, సరిగా ఉందో లేదో తెలిసినవాళ్లకు చూపించావా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

"రేపు చూపిస్తాను మామయ్యా" అన్నాడు.

నేనూ ఒకప్పుడు రేపు చూద్దామనే సంతకం పెట్టాను.