మెడ చూశాకే ధర!

టోక్యోలో రైలు దిగి స్టేషన్ బయట నాలుగడుగులు వేస్తే చాలు... ఎటు చూసినా గిటార్లే. గోడల నిండా గిటార్లు, అద్దాల వెనక గిటార్లు, పై అంతస్తుకు వెళ్లే మెట్ల పక్కనా గిటార్లే. వాటి మధ్య ఓ మూలన ఎవరో ఒక్కరే కూర్చుని చేత్తో చేసింది, పేరు ఎప్పుడూ విననిది ఒకటి ఉంటుంది. పక్కనున్న పెద్ద కంపెనీ గిటార్ కంటే దాని ధరే ఎక్కువ. అదీ వాడేసింది! మరి కొనొచ్చా?

ఆ పేట పేరు ఒచనొమిజు. 'టీ నీళ్లు' అని అర్థం. ఒకప్పుడు ఇక్కడి గుడిలోని ఊట నీటిని షోగన్ టీ కోసం పంపేవారట. ఇప్పుడు టీ సంగతి ఎవరికీ పట్టదు. కందా నది ఒడ్డున స్టేషన్, అక్కడి నుంచి మెయిజి విశ్వవిద్యాలయం మీదుగా దిగే వాలు వీధి, ఆ వీధి పొడవునా వాద్యాల దుకాణాలు. కిందికి దిగితే పాత పుస్తకాలకు పేరుమోసిన జింబోచో. చదివేసిన పుస్తకాలు కింద, వాయించేసిన గిటార్లు పైన... విద్యార్థుల పేటకు ఇంతకంటే ఏం కావాలి!

ఈ గిటార్లలో చాలావాటి పుట్టిల్లు నాగనో రాష్ట్రంలోని మత్సుమోటో. 1960లో మొదలైన ఫుజిజెన్ కంపెనీ అక్కడిదే. 1982లో 'ఫెండర్ జపాన్' పెట్టినప్పుడు గిటార్లు చేసిపెట్టిందీ అదే. అక్కడ పనిచేసిన మకోతో సుగిమోటో తర్వాత 'సుగి' పేరుతో సొంతంగా గిటార్లు చేయడం మొదలుపెట్టారు. ఇలాంటి చిన్న కార్ఖానాల సరుకే 'హ్యాండ్‌మేడ్' చీటీతో కనిపిస్తుంది. అలాగని యంత్రం తాకలేదని కాదు. చెక్క కోతకు యంత్రాలు ఉంటాయి. మెడ బిగింపు, ఫ్రెట్ల నునుపు, తీగల ఎత్తు... అసలు చేతిపని అక్కడ తెలుస్తుంది.

చీటీ చదవాలి

ఒచనొమిజులో పాత గిటార్‌కు వేలాడే చీటీ ముచ్చటగా ఉంటుంది. రంగు, ధరతో ఆగదు. 'ఫ్రెట్లు ఎనిమిది వంతులు మిగిలాయి', 'రాడ్‌లో ఇంకా వెసులుబాటు ఉంది' అని రాసి ఉంటుంది. వీణకు మెట్లు ఎలాగో గిటార్‌కు ఫ్రెట్లు అలాగ. తీగ రాసుకుని రాసుకుని అరిగిపోతాయి. ఇక రాడ్ అంటే మెడ లోపల దాగిన ఉక్కు కడ్డీ. తీగల లాగుడుకు మెడ వంగితే దాన్ని తిప్పి సరిచేస్తారు. అది చివరిదాకా తిరిగిపోయి ఉంటే ఇక సవరించే దారి మూసుకుపోయినట్టే. గిటార్ ఎంత మెరుస్తున్నా సరే!

చీటీని నమ్మినా ఓసారి పరీక్షించడం మంచిది. తల వైపు నుంచి మెడ పొడవునా ఒంటికన్నుతో చూస్తే మెలి తిరిగిందేమో తెలిసిపోతుంది. ఒకే తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి చూస్తే ఏడెనిమిదో ఫ్రెట్ పైన పావు మిల్లీమీటరు సందు కనపడాలి. విజిటింగ్ కార్డు దూరేంత అన్నమాట. తర్వాత ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా మీటాలి. అదీ ఆంప్లిఫయర్‌కు తగిలించకుండా! పెద్ద మోతలో చిన్న గరగర వినపడదు.

చేతిపని గిటార్‌కు ఇంకో పరీక్ష తప్పనిసరి. తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా 324 దగ్గర ఉండాలి. అక్కడ తీగను ఊరికే తాకి మీటినా, నొక్కి మీటినా ఒకే శ్రుతి పలకాలి. తేడా ఉంటే బ్రిడ్జి మీది మీటలు జరిపి సరిచేయొచ్చు. అవి చివరికంటా జరిపినా శ్రుతి కుదరలేదంటే చేసినాయన కొలతే తప్పిందేమో అనుమానించాలి. ఫ్యాక్టరీలో అచ్చు ఉంటుంది. ఒంటరి పనివాడికి ఉండేది ఆయన స్కేలే.

పాతదనం పేరుతో చెప్పే కథలకూ ధర కట్టకూడదు. పాత జపాన్ గిటార్ కనిపిస్తే చాలు 'లాసూట్ గిటార్' అని ధర పెంచేవాళ్లున్నారు. నిజానికి ఆ కేసు 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, ఐబానెజ్ గిటార్లు అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద వేసింది. గొడవంతా గిటార్ తల ఆకారం గురించే. మిగతా కంపెనీలకు దాంతో సంబంధం లేదు. వయసు తేల్చుకోవాలంటే వెనక మూత తీయించి వాల్యూమ్ పాట్ మీది అంకెలు చూడాలి. 1377633 అని ఉంటే 137 సీటీఎస్ కంపెనీ గుర్తు, 76 సంవత్సరం, 33 వారం. 1975 నాటి గిటార్ అని చెబుతుంటే, పాటైనా మార్చి ఉండాలి... మాటైనా మార్చి ఉండాలి.

ఎంతకు కొనాలి?

ఫ్రెట్లు మార్పించడానికి జపాన్‌లో పదుల వేల యెన్లు అవుతుంది. రెండు లక్షల యెన్ల గిటార్‌కు ఆ పని యాభై వేలు అనుకుంటే, దాని ధర రెండున్నర లక్షలనే లెక్కేసుకోవాలి. పెద్ద కంపెనీ గిటార్‌ను రేపు ఎవరైనా కొంటారు. పేరు తెలియని కార్ఖానాదైతే కొనేవాడి కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. మొదటి యజమాని పోగొట్టుకునేది అక్కడే. అందుకే వాయించుకునేవాడికి ఇది మంచి అవకాశం, అమ్ముకుందామనుకునేవాడికి చెడ్డ బేరం. మెడ నిటారుగా ఉండి, ఫ్రెట్లు ఎనిమిది వంతులు మిగిలి, శ్రుతి కుదిరితే పేరు లేకపోవడం కొనేవాడికే లాభం. మెడ మెలి తిరిగిందా... సగం ధరకిచ్చినా దండగే. పెద్ద కంపెనీదైతే కొత్త మెడ దొరుకుతుంది. దీనికి ఎవరు చేసిస్తారు?

ఇండియాకు తెచ్చుకునేవాళ్లు చెక్క పేరు కూడా అడగాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లోనే అంతర్జాతీయ ఒప్పందంలోని అతి కఠినమైన జాబితాలో చేర్చారు. అనుమతి పత్రం లేకుండా అది సరిహద్దు దాటకూడదు. మన పడమటి కనుమల్లో పెరిగే ఇరుగుడు చెక్క వాడి ఉంటే, 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకు ఆ పత్రం అక్కర్లేదు. ఇక టోక్యో చలికాలపు పొడిగాలి నుంచి విశాఖ ఉక్కపోతలోకి వచ్చిన మెడ కొన్ని వారాల్లో కాస్త కదులుతుంది. రాడ్ తిప్పి సరిచేసుకోవాలి. చేతిపని గిటార్లలో ఆ రాడ్ కొలత ఒక్కోదానికి ఒక్కోలా ఉండొచ్చు కాబట్టి, బిల్లుతో పాటు దానికి సరిపోయే రెంచీ కూడా దుకాణంలోనే అడిగి తీసుకోవాలి.